తిరుత్తణిలో కూర్చుండి చూచిన సభ

(పాఠశాల వార్షికోత్సవమున పూర్వ విద్యార్థి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరు సభలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పెద్ద సభలు తిరిగినవాడను కాను. వెళ్ళిన మొదటి సభకు గూడ ఇల్లు కదలకుండ వెళ్ళితిని. దానిని గూర్చియే చెప్పెదను.

సాఫ్ట్‌వేరు వ్రాయువారు ఏటేట ఒకచోట కూడి, తాము నేర్చినది తోడివారికి చెప్పుకొందురు. వీనిలో కొన్ని సభలు మనబోటివారికి అందునవి కావు. ఆపిల్ సంస్థవారి సభకు 2019లో టిక్కెట్టు వెల 1,599 డాలర్లు, అనగా లక్ష రూపాయలకు పైమాట. ఆ సొమ్ము చేతనున్నను, చీట్లు వేయగా పేరు వచ్చినవారికే ప్రవేశము. మన దేశమున పైథాన్ అను కంప్యూటరు భాషతో పనిచేయువారు 2009లో బెంగుళూరున 'పైకాన్ ఇండియా' అను సభను ప్రారంభించిరి. అది 2019 అక్టోబరులో చెన్నైలోనే జరిగినది. తిరుత్తణిలో రైలెక్కి అరక్కోణము, తిరువళ్ళూరు మీదుగా పోయి రాత్రికి ఇల్లు చేరవచ్చును. అయినను నేను పోలేదు. ఖర్చునకు వెరచి కాదు. గడగడ ఇంగ్లీషు మాటలాడువారి నడుమ తెలుగు మీడియమున చదివినవాడు నోరు తెరచుట యెట్లని బెరుకు.

మరుసటి యేడు కరోనా వచ్చినది. అమెరికాలో పిట్స్‌బర్గున జరుగవలసిన పైథాన్ సభ ఆగిపోయినది. ఆపిల్‌వారి సభ జూన్ నెలలో ఇంటర్నెట్టులో అందరికిని ఉచితముగా జరిగినది. మన పైకాన్ ఇండియాయు అక్టోబరు మొదటి వారమున ఇంటింటికి వచ్చినది. మా యింటి నడవలో, వడియాల డబ్బాల ప్రక్కన బల్ల వేసికొని నేను ఆ సభలో కూర్చుంటిని. ఒక తెరపై ఉపన్యాసము నడచుచుండును. ప్రక్కన సభికులు వ్రాతలో మాటలాడుకొనుటకు చోటుండును. అచ్చట ఉచ్చారణతో పనిలేదు. నిదానముగ ఆలోచించి, తప్పులు దిద్దుకొని, ప్రశ్న వ్రాసి పంపవచ్చును. నా బెరుకు సగము అందుతోనే పోయినది.

ఆ సభ నడచినంతసేపు తెలుగు మాట ఒక్కటియు నా చెవిని పడలేదు. ఇది మీయొద్ద దాచుట న్యాయము కాదు. అన్నియు ఇంగ్లీషే. అయినను నేనడిగిన ప్రశ్న తెలుగును గూర్చినదే. అది ఎట్లు పుట్టినదో వినుడు.

అంతకు కొలది మాసములకు ముందు, పూర్వ విద్యార్థుల చిట్టా కొరకు నేనొక చిన్న ప్రోగ్రాము వ్రాసియుంటిని. కార్డుపై చోటు తక్కువ కనుక ఊరి పేరునకు హద్దు పెట్టవలసి వచ్చినది. తి, రు, త్త, ణి: నాలుగక్షరములు. తి, రు, వ, ళ్ళూ, రు: ఐదు. ఎందుకైనను మంచిదని ఎనిమిది స్థానములిచ్చితిని. అచ్చు వేసి చూతునుగదా, తిరువళ్ళూరు 'తిరువళ్ళ' అయినది. తిరుత్తణి 'తిరుత్తణ' అయినది. కొండమీద గుడి గల ఊరికి అక్షరముమీది గుడి నేనే విరిచితిని!

కారణము చిత్రమైనది. యూనికోడ్ అను ప్రపంచ లిపిపట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కలవు. 1991లో వెలువడిన మొదటి సంచికలోనే తెలుగున్నది. అందు ఒత్తులకు వేరుగ స్థానములు లేవు. హల్లు, పొల్లు, మరల హల్లు అని వరుసగ వ్రాసినచో, తెరపై ఒత్తు పుట్టును. మన పండితులు నల్లబల్లపై విడదీసి చూపినట్లే. కావున యంత్రము దృష్టిలో తిరుత్తణి యనగా త, గుడి, ర, కొమ్ము, త, పొల్లు, త, ణ, గుడి. మొత్తము తొమ్మిది. నేనిచ్చినది ఎనిమిది.

ఈ సంగతినే సభలో వ్రాసి, కంటికి కనబడు అక్షరములను లెక్కించు మార్గమేదని అడిగితిని. కొంతసేపటికి మలయాళము మాతృభాషగా గల ఒకరు బదులిచ్చిరి: గుడులు, కొమ్ములు హల్లుతో కలిపి ఒకటిగా లెక్కించు నియమము యూనికోడ్‌లోనే కలదు, దానిని వాడి చూడుడని. వెంటనే వాడితిని. ఐదు వచ్చినది! తి, రు, త్, త, ణి. ఒత్తు మాత్రము విడిపోయినది.

ఈ ఐదును చూచి నేను చాలసేపు తల గోకికొంటిని. పిదప మా వీధి చివర బస్సు పలక జ్ఞప్తికి వచ్చినది. తమిళమున తిరుత్తణికి ఐదక్షరములే! తమిళమున పుల్లి చుక్కగా పైననే నిలుచును. త్, త రెండును వేర్వేరుగ కనబడును. తెలుగున పొల్లు మాయమై క్రింద ఒత్తుగా దిగును. ఐదు అను లెక్క తమిళమునకు సరి, తెలుగునకు తప్పు. 1960 ఏప్రిల్ 1న ఈ ఊరు చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. అంతకు ముందును, ఆ తరువాతను మన బజారులో రెండు లిపులును ప్రక్కప్రక్కనే యున్నవి. ఈ భేదము మన నాలుగవ తరగతి పిల్లవాడు వ్రేళ్ళపై చెప్పగలడు. ప్రపంచ నియమమునకు అది ఎక్కుటకు 2023 సెప్టెంబరు పట్టినది. ఆ నెల వెలువడిన యూనికోడ్ 15.1వ సంచికలో తెలుగు, మలయాళము, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, దేవనాగరి లిపులకు ఒత్తు విడిపోరాదను క్రొత్త నియమము చేర్చిరి. తమిళమును ఆ పట్టికలో చేర్చలేదు, చేర్చకుండుటయే సరి. అనగా 1991 నుండి లెక్కించిన ముప్పది రెండేండ్లకు తిరుత్తణి నాలుగక్షరములైనది.

ఇది అక్షరముల వేడుక మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము, దానిలో కంటికి కనబడని ఒక గుర్తు చేరిన రూపమున సందేశములో వచ్చినచో, ఐఫోనులలో ఆ సందేశమును చూపు అప్లికేషను కుప్పకూలెడిది. ఫిబ్రవరి 19న ఆపిల్‌వారు సవరణ పంపిరి. జ్ఞానము అను మాటలోని మొదటి అక్షరమునకే ఆ గతి పట్టుట చూచి మనవారనేకులు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. అమ్మకమునకు ముందు ఆ వరుసను కొట్టి చూచిన చేయి ఒక్కటియు లేకపోయెనుగదా యని తోచినది.

గత మాసమున ఒక తండ్రి నన్నడిగిరి: "2006 చట్టముతో తమిళము తప్పనిసరియైనది. ఇంగ్లీషు లేనిదే జరుగదు. ఇక తెలుగు గంట తీసివేసి కంప్యూటరున కియ్యరాదా?" మూడు భాషల బరువు పిల్లలమీద ఉన్నమాట నిజము. తెలుగు ఒక్కదానితో ఉద్యోగము రాదు; వచ్చునని చెప్పువారిని నమ్మకుడు. నాకు జీతము తెచ్చునది పైథాన్, ఇంగ్లీషు. కాని ఆ సభలో నేను అడుగదగిన ప్రశ్న ఒకటి ఉండుటకు కారణము ఈ బడిలో గుణింతము, ఒత్తులు నేర్చుట. ఆ గంట తీసివేసిన పిల్లవాడు తిరుత్తణి ఐదని యంత్రము చెప్పిన, ఐదే కాబోలని ఊరకుండును.

సభ ముగిసిన పిదప కంప్యూటరు గదిలో అరగంట కూర్చుందును. మీ పిల్లల పేర్లు కాగితముపై వ్రాసికొని రండు. ముందు వారిచేత లెక్క పెట్టింపుడు, తరువాత యంత్రముచేత పెట్టింతము. ఆ పైకాన్ సభల ఉపన్యాసములు యూట్యూబులో ఉచితముగా ఉన్నవి, వానిని వెదకు విధమును చూపెదను. లక్ష్మి, కృష్ణ అను పేర్లవారు ముందు వరుసకు రావలెను.