తప్పిన మెట్టు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ముందు వరసలోనే ఆగిపోయిన సార్లు, టీచర్లు ముగ్గురు నలుగురు నాకు కనిపిస్తున్నారు.

కమిటీ తమ్ముడు ఫోన్ చేసి, "నువ్వు ఇంజినీరువి కదా అన్నా, కృత్రిమ మేధ మీద మాట్లాడు" అన్నాడు. దాని మీద మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఇంటికి ఇద్దరున్నారు. నేను జాజ్ సంగీతం గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇల్లందుల జాజ్ ఏందన్నా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

పొద్దున మనల్ని గేటు దగ్గర్నుంచి ఇక్కడి దాకా ఊరేగింపుగా తీసుకొచ్చిన బ్యాండు మేళాన్ని గుర్తు చేసుకోండి. రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్, ఒక సాక్సాఫోన్, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు. మనం చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు వెనకాల నడిచినవాళ్లమే. పెళ్లి అయినా, గణేశ్ నిమజ్జనం అయినా, ముసలివాళ్ల చావు అయినా అదే మేళం.

నా ఉద్యోగం తిరిగే యంత్రాల అదురును కొలవడం. టర్బైన్లు, పంపులు, పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటే వాటి ఒంట్లో ఏ జబ్బు మొదలైందో అదురును బట్టి చెప్పాలి. ఆ పని మీదే 2009లో మా కంపెనీ నన్ను అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి పంపింది. మిసిసిపి నది పొడవునా అక్కడ రిఫైనరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు ఉంటాయి. ఒక ఆదివారం సెలవు దొరికితే న్యూ ఆర్లీన్స్ వెళ్లాను. ఒక వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా బ్యాండు మేళం వస్తోంది. నల్లవాళ్లు. ముందు వాయించేవాళ్లు, వెనక చేతిరుమాళ్లు, గొడుగులు ఊపుతూ ఆడుకుంటూ వచ్చే జనం. ఆ వెనక జనాన్ని వాళ్లు సెకండ్ లైన్ అంటారు. అంటే రెండో వరస. మన దగ్గర ఆ వరసకు పేరు లేదు గానీ, వరస మాత్రం ఉంది. నేను అందులో చేరిపోయాను. ఒక గంట సేపు ఇల్లందు బజార్లో ఉన్నట్టే ఉంది.

అక్కడి చావు ఊరేగింపుల్లో శ్మశానం దాకా నెమ్మదైన భక్తి పాటలు వాయిస్తారు. పాతిపెట్టి తిరిగి వచ్చేటప్పుడు ఉషారు పాటలు ఎత్తుకుంటారు. ఇది విన్నప్పుడు నాకు వింతగా అనిపించలేదు. మీకూ అనిపించదు.

అమెరికాలో 1865లో బానిసత్వం పోయింది. ఆ తర్వాతి తరాల్లో సైన్యం బ్యాండ్ల ఇత్తడి వాయిద్యాలు నల్లవాళ్ల చేతికొచ్చాయి. మన దేశంలోనూ తెల్లదొరల పటాలం బ్యాండ్ల నుంచే పెళ్లి బ్యాండ్లు పుట్టాయి. మన ఊళ్లో, అంటే అప్పటి బొగ్గుట్టలో, సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. దరిదాపు అదే కాలంలో అక్కడ ఆ సంగీతం పురుడు పోసుకుంటోంది. 1901లో ఆ ఊరి పేద ఇంట్లో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పిల్లల సంరక్షణాలయంలో ఉండగా కార్నెట్ నేర్చుకున్నాడు. 1920లలో ఒక్కడు నిలబడి అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడాన్ని జాజ్‌కు ప్రాణం చేశాడు.

జాజ్ అంటే ఏమిటో సంగీతం తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. మన కచేరీలో మనోధర్మం అంటామే, అదే అక్కడ అసలు విందు. పాట ఒక్కసారి వినిపిస్తారు. తర్వాత ఆ పాట చట్రాన్ని పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు తమ సొంత మాట చెబుతారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు ఊరుకోరు, ఊకొడతారు. తేడా ఒకటుంది. మన దగ్గర రాగం కట్టు గట్టిది, అక్కడ ఆ కట్టును కూడా సాగదీసి చూస్తారు. 1959లో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' అనే రికార్డు చేశాడు. స్టూడియోకు వచ్చిన వాద్యకారుల చేతికి పూర్తి పాటలు ఇవ్వలేదు. ఫలానా స్వరాల వరస మీద తిరగండని రేఖామాత్రంగా చెప్పాడు. రెండు రోజుల రికార్డింగుతో పని అయిపోయింది. స్వరాల వరస మీద తిరగడం మనకు కొత్త కాదు. అందుకే కాబోలు, అందులో సాక్సాఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ మన సంగీతం మీద మనసు పారేసుకున్నాడు. 1961లో ఒక రచనకు 'ఇండియా' అనే పేరు పెట్టాడు. కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పెట్టుకున్నాడు.

ఇప్పుడు మనవాడి సంగతి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మనందరి మాండొలిన్ శ్రీనివాస్. ఆరేళ్ల పిల్లాడు మాండొలిన్ పట్టుకున్నాడు. కర్ణాటక సంగీతానికి ఆ వాయిద్యం పనికిరాదని అప్పటిదాకా లెక్క. పిల్లాడికి పాఠం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. ఈ సంగతి టీచర్లున్న సభలో నొక్కి చెప్పాలనిపిస్తోంది. తనకు చేతకాని వాయిద్యాన్ని ఒక గురువు నేర్పాడు.

ఇంజినీరుగా నాకు నచ్చేది ఇంకోటి. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు నాలుగు ఉంటాయి. మీటగానే పలికి చచ్చిపోతుంది స్వరం, గమకం లాగేలోపు నాదం ఉండదు. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టించుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మారాడు. స్వరం నిలబడింది, లాగితే సాగింది. సంగీతం కోసం యంత్రాన్ని మార్చాడు గానీ, యంత్రం కోసం సంగీతాన్ని కుదించలేదు.

1983లో ఆ పిల్లాడు బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు. పద్నాలుగేళ్లు. అరగంట వాయించమన్నారు. జనం వదల్లేదు, ఇంకో గంట వాయించాడు. అక్కడ వాయించింది జాజ్ కాదు, మన కర్ణాటక సంగీతమే. జాజ్ వినే చెవికి అది పరాయిదనిపించలేదు. మైల్స్ డేవిస్ రికార్డుల్లో గిటార్ వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ తర్వాత రోజుల్లో తన 'రిమెంబర్ శక్తి' బృందంలోకి శ్రీనివాస్‌ను పిలుచుకున్నాడు. జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర, శంకర్ మహదేవన్ గొంతు. ఆ బృందం వీడియోలు చూడండి. మెక్‌లాఫ్లిన్ ఒక పలుకు విసురుతాడు. శ్రీనివాస్ వెంటనే బదులివ్వడు. ఒక్క క్షణం వింటాడు, నవ్వుతాడు, అప్పుడు ఇస్తాడు. ఆ ఒక్క క్షణం కోసం నేను అవే వీడియోలు మళ్లీ మళ్లీ చూస్తాను. 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే పోయాడు. నా కంటే కొంచెం పెద్ద, అంతే.

సంగీతకారులే కాదు, బొమ్మలు వేసేవాళ్లూ జాజ్ దగ్గర నేర్చుకున్నారు. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్‌కు 1941లో పెద్ద ఆపరేషన్ అయింది, నిలబడి బొమ్మ వేసే ఓపిక పోయింది. రంగు వేసిన కాగితాలను కత్తెరతో కత్తిరించి అతికించడం మొదలుపెట్టాడు. ఆ బొమ్మల పుస్తకం 1947లో వచ్చింది, పేరు 'జాజ్'. మాండ్రియాన్ అనే డచ్చి చిత్రకారుడు ముసలితనంలో న్యూయార్క్ చేరి, అక్కడి బూగీ వూగీ పియానో విని, అంతకు ముందు తాను గీసే నల్లని గీతలను పసుపు, ఎరుపు, నీలం ముక్కలుగా తుంచేశాడు. ఫోన్లో ఆ బొమ్మ చూడండి, బజారు దీపాల్లా మినుకు మినుకుమంటుంది. ఇక మన జిల్లాలోనే మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ కాగితం చూడకుండా కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. ఆయన జాజ్ వినలేదనే అనుకుంటాను. ఆయనకు దాని అవసరం లేదు కూడా.

మా నాన్న బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. కప్పు కిందికి వెళ్లే ముందు ఇనుప గడతో పైన కొట్టి వినాలి. గట్టిగా ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే వెనక్కి రావాలి. ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆయనకు చిరాకు. చెవి మీద బతికిన మనిషి. నా ఉద్యోగానికి కొలిచే పరికరాలు లక్షల రూపాయలవి ఉన్నాయి గానీ, పని మాత్రం నాన్నదే. జాజ్ వినడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఇదే, ఆ వాయించేవాళ్లలో గొప్పవాళ్లు ముందు వినేవాళ్లు.

హెర్బీ హాన్‌కాక్ అనే పియానో ఆయన చాలాసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. 1960లలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మైల్స్ డేవిస్ బృందంతో కచేరీ. బ్రహ్మాండంగా సాగుతోంది. సరిగ్గా మైల్స్ అందుకునే చోట కుర్ర హాన్‌కాక్ పూర్తిగా తప్పు మెట్లు నొక్కేశాడు. చెవులు మూసుకోవాలనిపించిందట. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పును ఒప్పు చేసే స్వరాలు ఎంచుకుని వాయించాడు. మైల్స్ దాన్ని తప్పుగా వినలేదని, జరిగిన ఒక సంగతిగా మాత్రమే విన్నాడని హాన్‌కాక్‌కు ఏళ్ల తర్వాత అర్థమైందట.

ఇది మొదటిసారి విన్నప్పుడు నేను కార్లో ఉన్నాను. బండి పక్కకు ఆపాను. ఎందుకంటే ఇది నాకు ముందే జరిగింది, ఈ ఊళ్లోనే, పదో తరగతిలో.

వార్షికోత్సవంలో ఒక సినిమా పాట. నాది హార్మోనియం. క్లారినెట్ వాయించింది మా క్లాసువాడే. బ్యాండు మేళం ఇంటి పిల్లవాడు. పెళ్లిళ్ల సీజన్లో రాత్రంతా వాయించి పొద్దున క్లాసులో నిద్రపోయేవాడు. చరణం నుంచి పల్లవికి తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి ఒక మెట్టు పక్కకు పడింది. నాకు చెమటలు పట్టాయి. వాడు సరిగ్గా ఆ స్వరం మీదే క్లారినెట్ ఎత్తుకుని, అక్కడే నిలబడి, మెల్లగా జార్చుకుంటూ పల్లవిలో దించాడు. జనం చప్పట్లు కొట్టారు. తెర వెనక్కి వచ్చాక ఒక పెద్దాయన, సంగీతం తెలిసిన మనిషి, అడిగారు: "ఆ పాటలో లేని స్వరం ఎవరు వాయించారు?"

నేను వాడి వైపు చెయ్యి చూపించాను.

బ్యాండు అలవాట్లు ఇక్కడికి తేవద్దని ఆయన వాడిని తిట్టారు. వాడు నా వైపు ఒక్కసారి చూసి ఊరుకున్నాడు. తర్వాత ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. ఆయన్ని నేను తప్పు పట్టను. చెప్పింది నేను, నమ్మింది ఆయన. నన్ను ఎందుకు నమ్మారో, వాడిని ఒక్క మాట కూడా ఎందుకు అడగలేదో మనందరికీ తెలుసు. వాళ్ల మేళం లేకుండా మన ఇళ్లలో ఏ పెళ్లీ జరగలేదు. భోజనానికి మాత్రం వాళ్లను చివరి బంతిలో కూర్చోబెట్టాం.

పోయిన నెల వాడింటికి వెళ్లాను. ఇంకా వాయిస్తున్నాడు. డీజే బాక్సులు వచ్చాక బేరాలు సగం కూడా లేవన్నాడు. చాయ్ తాగాక ఆ రోజు సంగతి ఎత్తి, "నా తప్పును నువ్వు కాపాడినవ్ రా" అన్నాను.

"అది తప్పని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. "ఆ సురం మంచిగుండె. అందుకే దాని మీద నిలబడ్డ. ఇప్పటికీ పెళ్లిపిల్లను మండపానికి తోల్కొచ్చేటప్పుడు నేను ఆడ్నే నిలబడ్త."

నలభై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల పెళ్లికూతుళ్లు నేను తప్పిన మెట్టు మీదుగా నడిచి వస్తున్నారన్న మాట.

నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు. "అబద్ధం మాత్రం చెప్పినవ్ రా. అది యాదికుంది" అన్నాడు. క్షమించమన్నాను. "ఈడ ఇంట్ల కూసొని చెప్తే ఏమొస్తది? ఆడ చెప్పినవ్ కదా, ఆడ్నే చెప్పు" అన్నాడు.

అందుకే కృత్రిమ మేధ వద్దన్నాను, తమ్ముడూ.

గురువుల ముందు, మీ అందరి ముందు చెబుతున్నాను. ఆ రోజు మెట్టు తప్పింది నేను. దాన్ని పాట చేసింది వాడు. వాడి పేరు నేను చెప్పకూడదని మాట తీసుకున్నాడు. పొద్దున మిమ్మల్ని లోపలికి తీసుకొచ్చిన మేళంలో ఉన్నాడు, ఇప్పుడు ఆ వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. భోజనాల ముందు పది నిమిషాలు మాకు కావాలని కమిటీని అడిగాను, ఇచ్చారు. హార్మోనియం మా ఇంటి నుంచి తెచ్చుకున్నాను. చాలా ఏళ్లు అటక మీద ఉంది, రెండు మెట్లు పలకడం లేదు. వాడికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

రారా, ముందుకు రా.