వీ12 బతికింది, చిన్న స్పోర్ట్స్ కారే పోయింది: యూరప్ ఎమిషన్ రూల్స్ అసలు కథ

జిన్నారం నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా.

ఆదివారం పొద్దున్నే నైట్ షిఫ్ట్ దిగి, సుల్తాన్‌పూర్ ఎగ్జిట్ దగ్గర చాయ్ తాగేవాళ్లకు ఒక సౌండ్ బాగా తెలిసి ఉంటది. ముందు దూరంగా తుమ్మెద తిరిగినట్టు వినిపిస్తది. రెండు సెకన్లలో మీద పడ్డట్టు వచ్చి, ఓఆర్ఆర్ మీద నుంచి అటు పటాన్‌చెరు వైపు వెళ్లిపోతది. కారు కనపడదు, సౌండ్ ఒక్కటే. మన బైకులకు ఓఆర్ఆర్ మీద ఎంట్రీ లేదు కదా, కింద నిలబడి వినడమే మన వాటా.

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, యూరప్‌లో ఎమిషన్ రూల్స్ వల్ల ఫెరారీ, లంబోర్గిని బంద్ అయితున్నాయంట, నిజమేనా?" కాదు తమ్ముడూ. అవి బానే ఉన్నాయి. పోతున్నవి వేరే కార్లు. ఎట్లనో చెప్తా.

ముందు ఒక క్లారిటీ. "ఎమిషన్ రూల్" అంటే ఒకటి కాదు, రెండు. మొదటిది కార్బన్ డై ఆక్సైడ్ మీద. ఇది కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు మీద లెక్క. రెండోది యూరో 6, యూరో 7 అని మీరు వినేది. అది విష వాయువులు, మసి మీద. ఒక్కో కారు పాస్ కావాలి.

మొదటిదాన్ని మన భాషలో చెప్పాలంటే మైలేజీ. లీటర్ పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తది. యూరప్‌లో 2020, 21 నుంచి టార్గెట్ కిలోమీటర్‌కు 95 గ్రాములు, అంటే లీటర్‌కు 24 కిలోమీటర్లు ఇచ్చినట్టు. 2025 నుంచి కొత్త కొలత ప్రకారం 93.6. 2030కి 49.5 గ్రాములు, అంటే లీటర్‌కు 46 కిలోమీటర్లు! ఒట్టి పెట్రోల్ ఇంజన్‌తో అది అయ్యే పని కాదు, కరెంటు బండ్లు కలపాల్సిందే. సగటు ఒక్క గ్రాము దాటితే, అమ్మిన ప్రతి కారుకూ 95 యూరోల ఫైన్.

ఇప్పుడు పెద్ద వీ12 కారు తీసుకోండి. కిలోమీటర్‌కు 350 గ్రాముల దాకా వదులుతది. ఒక కంపెనీ అవే అమ్ముతుంది, ఏ మినహాయింపూ లేదు అనుకుందాం. దాదాపు 256 గ్రాములు ఎక్కువ. 95తో గుణిస్తే కారుకు 24 వేల యూరోలు దాటుతది. యూరో వంద రూపాయలు అనుకుంటే 24 లక్షలు. మన దగ్గర మంచి ఎస్‌యూవీ ఒకటి వస్తది, ఉత్త ఫైన్ డబ్బులకు.

మరి ఫెరారీ ఎట్ల బతుకుతుంది? రూల్‌లోనే ఒక తలుపు ఉంది. ఈయూలో ఏడాదికి వెయ్యి కార్ల లోపు అమ్మే కంపెనీకి ఈ టార్గెటే లేదు. వెయ్యి నుంచి పది వేల లోపు అమ్మేవాళ్లు తమకంటూ వేరే టార్గెట్ అడగొచ్చు. ఆ వెసులుబాటును 2035 చివరి దాకా పొడిగించారు. పత్రికలు దానికి పెట్టిన ముద్దుపేరే "ఫెరారీ సవరణ". 2024లో ఫెరారీ ప్రపంచం మొత్తం మీద అమ్మింది 13,752 కార్లు, అందులో యూరప్ ఒక భాగం. అందుకే అదే ఏడాది 12చిలిండ్రి అని 6.5 లీటర్ల వీ12 కారు, టర్బో లేకుండా, హైబ్రిడ్ లేకుండా దర్జాగా దింపారు. లంబోర్గినిది ఇంకో దారి. అది ఫోక్స్‌వాగన్ గ్రూప్‌లో ఉంది కాబట్టి, గ్రూప్ అమ్మే చిన్న కార్లు, కరెంటు కార్లు సగటును కిందికి లాగుతాయి.

గ్రూప్ లేని ఆస్టన్ మార్టిన్ 2011లో చేసిన పని చూస్తే నవ్వొస్తది. టొయోటా ఐక్యూ అనే బుడ్డ కారు తెచ్చి, ముందు తమ గ్రిల్ పెట్టి, లోపల లెదర్ కుట్టి, సిగ్నెట్ అని పేరు పెట్టి అమ్మింది. సగటు తగ్గించడానికే అని అప్పట్లో అందరూ అన్నదే. జనం కొనలేదు, 2013లో ఆపేశారు.

సరే, మరి ఎవరు పోయారు? హోండా సివిక్ టైప్ ఆర్. కష్టపడి జీతం దాచుకున్న కుర్రాడు కొనగలిగే స్పీడ్ కారు. యూరప్‌లో చివరగా 40 కార్ల స్పెషల్ ఎడిషన్ తెచ్చి, 2025లో టాటా చెప్పేసింది. నిస్సాన్ జీటీ-ఆర్ 2022లో యూరప్ వదిలింది, అది సౌండ్ రూల్స్ వల్ల. టొయోటా జీఆర్86, పోర్షే 718 పెట్రోల్ కార్లు 2024లో పోయాయి. అయితే నిజం చెప్పాలి, ఈ రెండూ పొగ వల్ల కాదు. ఒకటి సేఫ్టీ రూల్, ఇంకోటి సైబర్ సెక్యూరిటీ రూల్. కానీ లెక్క ఒక్కటే: తక్కువ అమ్ముడుపోయే కారును కొత్త రూల్‌కి మార్చాలంటే పెట్టుబడి తిరిగి రాదు. పెద్ద రేటు ఉన్న కారులో ఆ ఖర్చు కలిసిపోతది, చిన్న రేటు కారులో కలవదు.

దానికి తోడు ఫ్రాన్స్‌లో కొనేవాడి మీదే పన్ను. 2025లో కిలోమీటర్‌కు 192 గ్రాములు దాటిన కారుకు ఇది 70 వేల యూరోలు. కోట్లు పెట్టి కొనేవాడికి అది చిల్లర. 50 వేల యూరోల కారు కొందామనుకున్నవాడికి కారు కంటే పన్నే ఎక్కువ.

ఇంజనీర్లు ఊరికే కూర్చోలేదు. ఫుల్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ వేడెక్కకుండా పాత కార్లు అదనంగా పెట్రోల్ చల్లేవి. అంటే పెట్రోల్‌ను నీళ్లలాగా వాడటం. అదంతా సరిగ్గా కాలకుండా పొగగొట్టంలోకి పోతది. 2024లో వచ్చిన పోర్షే 911 జీటీఎస్‌లో టర్బోకే కరెంటు మోటార్ పెట్టి, ఆ అదనపు పెట్రోల్ అవసరం లేకుండా చేశారు. పవర్ తగ్గలేదు, 541 పీఎస్. ఇది నాకు నచ్చింది. నచ్చనిది మెర్సిడెస్ ఏఎంజీ సీ63. వీ8 తీసేసి 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, మోటార్, బ్యాటరీ పెట్టారు. 680 పీఎస్ వచ్చింది, బరువు 2.1 టన్నులు దాటింది. కాగితం మీద హీరో, అభిమానులు ముఖం తిప్పుకున్నారు.

సౌండ్ తగ్గడానికి ఇంకో కారణం పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్. పెట్రోల్ కార్లకు 2018 నుంచి యూరప్‌లో ఎక్కువగా వస్తోంది. దాని పక్కనే ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి బొల్లారం, గడ్డపోతారంలో పనిచేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మీరు హైడ్రోజనేషన్‌లో వాడి, గ్రాము కూడా పోకుండా వెనక్కి తీసే పల్లాడియం, అదే అందులోనూ ఉంటది.

"అన్నా, ఇంత మంచి కార్లకు ఈ రూల్స్ ఎందుకు, తీసేయొచ్చు కదా" అంటారు కొందరు. నేను అనలేను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా వేస్తే, పటాన్‌చెరు-బొల్లారం అందులో ఉంది. రాత్రి పదకొండు దాటాక కిటికీలు మూసుకునే ఇంట్లో పెరిగినవాణ్ని నేను. చెకింగ్ వాళ్లు వచ్చే టైమ్‌కి ఒక వాసన, వాళ్లు పోయాక ఇంకో వాసన, మనకు తెలియంది కాదు. ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లు చేసింది అచ్చం అదే. ల్యాబ్‌లో టెస్ట్ అని గుర్తుపట్టి క్లీన్‌గా ఉండటం, రోడ్డెక్కాక వదిలేయడం. 2015లో అమెరికాలో దొరికిపోయింది. ఆ దెబ్బతో కారు వెనక మెషిన్ కట్టి, రోడ్డు మీదే కొలిచే టెస్ట్‌కు పట్టు పెరిగింది. మన బీఎస్6 యూరో 6 బాటలోనే 2020 ఏప్రిల్ 1న వచ్చింది, రోడ్డు టెస్ట్ 2023 ఏప్రిల్ నుంచి. అట్ల అక్కడి రూల్ మన షోరూమ్ దాకా వచ్చింది.

తర్వాతిది యూరో 7. 2026 నవంబర్ 29 నుంచి కొత్త మోడల్స్‌కు. ఇందులో మొదటిసారి బ్రేకుల నుంచి రాలే పొడికి కూడా లిమిట్: పెట్రోల్, డీజిల్, హైబ్రిడ్ కార్లకు కిలోమీటర్‌కు 7 మిల్లీగ్రాములు, ఒట్టి కరెంటు కార్లకు 3. టైర్ల అరుగుదలకూ లిమిట్ వస్తుంది. మన జిల్లాలో సదాశివపేట ఎంఆర్ఎఫ్‌లో పనిచేసేవాళ్లు దీన్ని కన్నేసి ఉంచండి.

2035 తర్వాత కొత్త పెట్రోల్ కార్లు పూర్తిగా బంద్ అన్న మాట కూడా మెత్తబడుతోంది. 2025 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్ 100 శాతం తగ్గింపు బదులు 90 శాతం చాలని ప్రతిపాదించింది. ఆ మిగిలిన పది శాతం ఎవరికి దక్కుతుందో మీరే ఊహించండి. నన్నడిగితే చిన్న, తేలిక స్పోర్ట్స్ కార్లకు ఇవ్వాలి. వీ12 వాళ్లు ఫైన్ కట్టుకోగలరు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగింది కదా, జాన్-ఎరిక్ వెర్న్ గెలిచింది. నేను వెళ్లా. కారు ముందు నుంచి పోతుంటే ఈల వేసినట్టు సన్నటి సౌండ్, టైర్ల గీత, అంతే. పక్కన ఒక పిల్లగాడు మాత్రం కేరింతలు కొడుతున్నాడు. వాడికి పాత సౌండ్ తెలియదు, మిస్ అయ్యేదేం లేదు. నాకే చెవులు ఖాళీగా అనిపించాయి.

మీకేమనిపిస్తుందో కామెంట్‌లో రాయండి. సుల్తాన్‌పూర్ దగ్గర వినిపించే ఆ ఆదివారం కారు ఏదో గుర్తుపట్టినవాళ్లు అది కూడా రాయండి, నేనైతే వీ10 అనుకుంటున్నా. ఉంటా మరి, షిఫ్ట్ టైమ్ అయింది.