తీగ లేని వార్త – గడియ లేని తలుపు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకునే మన సభలో ఈ రోజు వైఫై గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రేడియో పెట్టుకోవడానికి కూడా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టిన తరం మనది. ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో ఎన్నో ఇళ్లల్లో ఒక్కో బుల్లి రేడియో స్టేషను పనిచేస్తోంది. పిల్లలు సెలవులకు వచ్చి బిగించి వెళ్లిన వైఫై పెట్టె అదే.

టెలిగ్రాఫు తీగలో పోయే వార్త దొంగిలించాలంటే స్తంభం ఎక్కాలి. వైఫై అలా కాదు, దండోరా వంటిది. మన కోసం వేసినా వీధంతా వింటుంది. దాని తరంగాలు గోడ దాటి పక్క వాటాలోకి పోతాయి. అందుచేతనే వార్తను రహస్య సంకేతాలుగా మార్చి పంపుతారు. 1997 నాటి మొదటి పద్ధతి 'వెప్'ను 2001లోనే పరిశోధకులు ఛేదించారు. 2004లో డబ్ల్యు.పి.ఏ.2 వచ్చింది. అందులోనూ 2017లో బెల్జియం పరిశోధకులు లోపం చూపగా కంపెనీలు సవరణలు పంపాయి. 2018లో డబ్ల్యు.పి.ఏ.3 వచ్చింది.

"మా ఇంట్లో దాచుకోవడానికేముంది?" అని మీరనవచ్చు. 2008 జూలై 26న అహ్మదాబాదు పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ సంస్థలకు ఒక ఇ-మెయిలు అందింది. పోలీసులు ఆచూకీ తీస్తే అది నవీ ముంబయిలో ఒక అమెరికా దేశస్థుని ఇంటికి దారి చూపింది. ఆయన వైఫైకి తాళం లేదు. ఎవరో వాడుకుని పోయారు, విచారణ మాత్రం ఆయన గుమ్మానికి వచ్చింది. 2009లో టెలికాం శాఖ వైఫై భద్రత గురించి ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలిచ్చింది. గడియ లేని తలుపు వల్ల పోయేది సొత్తే కాదు, పేరు కూడా.

రెండో ప్రమాదం బయట ఉంది. విశాఖ స్టేషనులో 2016లో ఉచిత వైఫై వచ్చింది. మంచి సౌకర్యమే. అయితే అటువంటి చోట అదే పేరుతో ఎవరైనా దొంగ వైఫై నడపవచ్చు. బ్యాంకు యాప్‌లు తమ సమాచారాన్ని తామే సంకేతాలుగా మార్చి పంపుతాయి కనుక వాటిని చదవడం తేలిక కాదు. కాని దొంగ వైఫై మనకు దొంగ పేజీ చూపించి, మన చేతనే పిన్ను చెప్పించగలదు.

కాబట్టి చేయవలసినవి ఇవి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చండి. సెట్టింగులు తెరిచే పాస్‌వర్డు వేరే ఉంటుంది, దానినీ మార్చండి. ఇంటి పేరో, ఫోను నంబరో పెట్టకండి. పొడవైన వాక్యం వంటిది పెట్టండి. డబ్ల్యు.పి.ఏ.2 గాని, 3 గాని ఉందేమో చూడమని మనుమలను అడగండి. పింఛను ఖాతా, జీవన్ ప్రమాణ్ పనులు బయట ఉన్నప్పుడు మీ సొంత సిమ్ డేటా మీదే చేసుకోండి. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి. మోసం జరిగితే సిగ్గుపడి దాచవద్దు, వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ముప్పై ఏళ్లు చాకిరీ చేసి సంపాదించుకున్న పింఛను ఇది. రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ చూసుకోవడం మనకు అలవాటే. ఈ రెండో తలుపునూ చూసుకోమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.