ఫారం ఖాళీగా పంపకండి

  పట్టాలు అందుకుంటున్న కొత్త డాక్టర్లూ, ఆ గౌన్లలో మీకెంత ఉక్కపోస్తోందో నాకు తెలుసు.

నా ఉద్యోగమంతా మైక్రోస్కోపు ముందే గడిచింది. రోగి నాకు కనపడడు. కనపడేది అతని కడుపులోంచి తీసిన ముక్క, దానితోపాటు మీరు పంపే ఫారం. నా బెంగంతా ఆ ఫారం గురించే.

జీర్ణాశయంలో గడ్డ అనగానే మీ చెయ్యి 'కార్సినోమా?' అని గీకేస్తుంది. నిజమే, అక్కడి క్యాన్సర్లలో పదింట తొమ్మిదికి పైగా అడినోకార్సినోమాలే. ఆ మిగిలినవాటి దగ్గరే నాకు మీ సాయం కావాలి.

ఒకసారి ఒక రైతు బయాప్సీ వచ్చింది. ఫారంలో 'కడుపునొప్పి' అని ఒక్క మాట. స్లైడులో మామూలు పైపొర తప్ప ఏమీ లేదు. నార్మల్ అని రాసేసి టీకి వెళ్ళొచ్చు. కానీ పంపిన కుర్ర డాక్టరుకి ఫోన్ చేశాను. "మేడమ్, విరేచనం నల్లగా అవుతోందట. లోపల ఉబ్బుంది, పైన నున్నగా ఉంది, మధ్యలో చిన్న పుండు" అన్నాడు. నాయనా, ఇంత చక్కగా చెప్పినవాడివి, ఇదే రాస్తే నీ సొమ్మేం పోయింది?

అది జిస్ట్, అంటే గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. పొర కింద, గోడలో పుడుతుంది. ఎండోస్కోపీ ఫోర్సెప్స్ కొరికేది పైపొరనే. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో సూది వేయిస్తే దొరికింది. సీడీ117 స్టెయిన్‌లో కణాలన్నీ కాఫీపొడి రంగు తేలాయి. సర్జన్ గడ్డ చిట్లకుండా దాని మేరకే తీశారు. లింఫ్ గ్రంథుల జోలికి పోలేదు, పోనక్కర్లేదు. సైజు, విభజన చెందుతున్న కణాల లెక్క చూస్తే తిరగబెట్టే ముప్పు ఎక్కువని తేలింది. జన్యుపరీక్ష చేయించి, 3 ఏళ్ళు ఇమాటినిబ్ పెట్టారు. నేను పీజీ చదివే రోజుల్లో ఇలాంటివాటిని కండరపు గడ్డలనే అనేవారు. 1998లో జపాన్‌లో హిరోటా బృందం ఈ గడ్డల్లో కిట్ జన్యువులో మార్పు చూపించింది. 2000లో ఫిన్లాండ్‌లో ఒక రోగికి, కీమోకి లొంగని జిస్ట్, రక్తక్యాన్సర్ కోసం తయారైన ఈ ఇమాటినిబ్ మాత్రకే తగ్గింది.

మాల్ట్ లింఫోమా మరీ చిత్రం. హెలికోబాక్టర్ ఉంటే, తొలిదశలో చాలామందికి యాంటీబయాటిక్స్ కోర్సుతోనే పోతుంది. కత్తి అక్కర్లేదు. కానీ రోగి ఎసిడిటీకి పాంటోప్రజోల్ మింగుతూ వస్తే ఆ క్రిమి నాకు దొరక్కపోవచ్చు. మింగుతున్నాడని రాయండమ్మా!

న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ కూడా అంతే. బీ12 లోపం, పైకెక్కిన గ్యాస్ట్రిన్, నలుసంత గడ్డలు నాలుగైదు ఉంటే ఎండోస్కోపీతో తీసి, గమనిస్తూ ఉంటే చాలు. గ్యాస్ట్రిన్ మామూలుగా ఉండి ఒంటరి గడ్డ కనపడితే సర్జన్‌ని పిలవాల్సిందే. స్లైడులో రెండూ అక్కాచెల్లెళ్ళే. గ్యాస్ట్రిన్ ఎంతో స్లైడు చెప్పదు, మీరే చెప్పాలి.

ఇంకొకటి. సీసాలో సెలైన్ కాదు, ఫార్మలిన్ పోయండి. ఫారం కింద మీ ఫోన్ నంబరు అర్థమయ్యేలా రాయండి. రాత్రి పది దాటాక చేస్తే విసుక్కోకండి.