రాతిలోని ఆల్చిప్పలు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఊరి లెక్కలు వ్రాసికొనువానికి రాళ్లతో పనియేమని మీరు నవ్వవచ్చును. ఇరువదియేండ్ల క్రిందట గోదావరికి పడమట నున్న దుద్దుకూరు వైపు పెండ్లికి పోయి, క్వారీ ప్రక్క కుప్పలోనుండి ఒక సున్నపురాయి ఏరి తెచ్చితిని. అందు ఆల్చిప్పలు అతికియున్నవి. సముద్రము అక్కడికి చాల దూరము. సగరపుత్రులు త్రవ్విన సాగరము అంతవరకు వచ్చినదని మన పిల్లలకు చెప్పితిని. పురాణమును భూగోళముగా చదివిన దోషము నాది.

తరువాత తెలిసికొన్నది విన్నవించెదను. దుద్దుకూరు మొదలు రాజమహేంద్రవరము చెంత కాతేరు వరకు ఒకప్పుడు లోతులేని సముద్రముండెను. తలుపురెక్కల వంటి రెండు చిప్పల నడుమ మెత్తని శరీరము దాచుకొని కొన్ని ప్రాణులు ఆ అడుగున బ్రదికెను. అవి చచ్చిన పిదప చిప్పలపై బురద పేరుకొని క్రమముగా రాయి అయ్యెను. వానిలో కార్డిటా అనునది విసనకఱ్ఱ వలె గీతలు తీరియుండును. మరమేకు వలె మెలిదిరిగిన టరిటెల్లా గుల్లయు అక్కడ దొరకును గాని, అది నత్తజాతిది. మన లెక్కలోనికి రాదు.

ఆ పొరమీదికి పడమటినుండి కరిగిన నల్లరాయి సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి వచ్చి గడ్డకట్టెను. దానిపై మరల నీటి అడుగున ఏర్పడిన సున్నపుపొర, ఆపైన మరల నల్లరాయి. దిబ్బ త్రవ్వినప్పుడు అడుగు ఇటుక పాతదైనట్లే, అడుగుచిప్ప పాతది.

1860లో స్టీఫెన్ హిస్లాప్ అను మతబోధకుడు ఈ చిప్పలను వర్ణించి పేర్లు పెట్టెను. అయితే అవి క్రిటేషియస్ యుగము ముగిసిన తరువాతివని తలచెను. 2008లో గెర్టా కెల్లర్ మున్నగువారు నడిమి సున్నపుపొరలోని సూక్ష్మజీవుల గుల్లలను పరీక్షించి, ఆ యుగాంతము అడుగు నల్లరాతిని అంటియే కలదని ప్రకటించిరి. రాక్షసబల్లులు అంతరించిన ఆ కాలము నేటికి సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లు. అడుగు పొరలోని చిప్పలు అంతకు ముందువి.

నల్లరాతికై త్రవ్విన క్వారీలే ఈ పొరలను బయటపెట్టినవి. త్రవ్వకము సాగినకొలది అవే వానిని చెరిపివేయును. కుప్పలో పడిన చిప్ప ఏ పొరదో ఎవ్వరు చెప్పగలరు? సర్వే నంబరు లేని పట్టా వంటిది. నేను చేసిన పొరపాటు అదియే. ఆ వైపు చుట్టరికములు గలవారు, రాయి తెచ్చినచో ఊరు, తేది, నల్లరాతికి పైదో క్రిందిదో ఒక చీటిమీద వ్రాసి తెండు.

నా రాయిని నేడు గ్రంథాలయపు బీరువాకు ఇచ్చుచున్నాను. దాని చీటిమీద ఇట్లు వ్రాసితిని: “దుద్దుకూరు, క్వారీ కుప్పలోనిది, పొర తెలియదు.”