వేగమును నిదానమును

ఓరుగంటి బడిపంతులకు బంతియాటతో నేమిపని యని మీరు నవ్వవచ్చును. పిల్లల శక్తిని పరీక్షించుటయే నా వృత్తి గదా!

2001లో నిజామాబాదు జిల్లాలోఁ బుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాకుఁ బోయి డైనమో జాగ్రెబు జట్టునఁ జేరెను. 2024-25లో భారత మహిళా లీగును గెలిచిన ఈస్టు బెంగాలు జట్టున ముందువరుస నాడెను. ఆ యేఁటి యుత్తమ క్రీడాకారిణి యని ఫుట్‌బాలు సమాఖ్యవా రామెను సత్కరించిరి.

పార్శ్వమున వడిగాఁ జొచ్చుకొనిపోవుట యామె బలము. కాని, వడిగాఁ జదివిన బాలుఁ డర్థమెఱిఁగెనని చెప్పరాదు. పరుగులోఁ దలయెత్తి తోడివారిఁ జూచుట, గోలు ముంగిట నొక్క క్షణ మాఁగుట, ఇవి వేగమునకు వ్యాకరణము. వేగము వయస్సుతోఁ దఱుగును, నిదానము పెరుగును. నేఁడు ప్రథమశ్రేణి నిచ్చుచున్నాను. పూర్ణాంకములు మాత్రము ఆ నిదానమునకై దాఁచియుంచితిని.