పులిని చూడబోయాం



మొన్న మన కేంద్రం నుంచి ఎనిమిది మందిమి అడవికి పోయి వచ్చాం. "పులి కనపడిందా?" అని అందరూ అడుగుతున్నారు. కనపడలేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనవద్దు.

ఆ అడవి మనకు కొత్తది కాదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయేటప్పుడు బస్సు దాంట్లోంచే పోతుంది. అదే నల్లమల. 1983లో దాన్ని పులుల కోసం కాపాడే అడవిగా చేశారు. 2014లో రాష్ట్రం రెండయ్యాక కృష్ణకు ఇవతలి భాగానికి అమ్రాబాదు పులుల అడవి అని పేరు వచ్చింది.

ఆ దారిలో బస్సు కిటికీలోంచి కోతులకు అరటిపండ్లు వేస్తాం కదా. నేనూ వేశాను, పుణ్యం అనుకుని. ఆ పండు కోసం కోతి రోడ్డు మీదికి వస్తుంది. బండి కింద పడుతుంది. ఈ సంగతి అక్కడే తెలిసింది. ఇక వేయను.

మన్ననూరు దగ్గర జీపు ఎక్కాం. అక్కడ ఒక బోర్డు ఉంది. మా సాయమ్మ కూడబలుక్కుని చదివింది. "బండి దిగరాదు. గట్టిగా మాట్లాడరాదు." రెండోది మాకు కష్టమే!

మా వెంట ఒక చెంచు పెద్దాయన వచ్చాడు. అడవిని కాపలా కాసే పని ఆయనది. కొంత దూరం పోయాక జీపు ఆపించాడు. దారి పక్కన దుమ్ములో ఒక అడుగు ఉంది. జీపులోంచే వంగి చూశాం. నాలుగు వేళ్లు, వెనక పెద్ద మెత్త. నా అరచేయి కన్నా పెద్దది.

"కుక్క అడుగైతే గోటి గుర్తు ఉంటుంది. పులి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. గుర్తు పడదు" అన్నాడు. "ఇది రాత్రి పోయింది. చూడండి, దీని మీద చీమల దారి పడింది" అన్నాడు.

పూర్వం ఈ అడుగులు చూసే పులులను లెక్క పెట్టేవారు. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కడుతున్నారు. పులి ముందుకు రాగానే ఫోటో దానంతట అదే పడుతుంది. ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు. మన వేలిముద్రల లాగే. చారలను బట్టి ఏ పులి ఏదో చెప్పేస్తారు. 2006లో దేశం మొత్తం మీద సుమారు 1,411 పులులు ఉన్నాయని తేలింది. 2022 లెక్కకు అవి 3,682 అయ్యాయి.

ఆడపులి సంగతి కూడా చెప్పాడు. మూడున్నర నెలలు మోస్తుంది. రెండు మూడు పిల్లలను కంటుంది. వాటిని పొదలో దాచి, వేటకు ఒక్కతే పోతుంది. పదిసార్లు ఉరికితే ఒకసారి దొరికితే గొప్ప. రెండేళ్లు పిల్లలను సాకుతుంది. "మరి మగపులి?" అని అడిగాం. పిల్లల పని దానికి పట్టదట. మా జీపులో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

అంతలో చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. చుక్కల దుప్పులు తోకలెత్తి నిలబడ్డాయి. పెద్దాయన చేయి ఎత్తాడు. పులో, చిరుతో దగ్గరలో ఉందట. ఎవరూ ఊపిరి తీయలేదు. ఎవరి గాజులో గలగలమన్నాయి. ఆమెను గుడ్లురిమి చూశాం. పావుగంట ఆగాం. ఏదీ రాలేదు. ఎండుటాకుల చప్పుడు మాత్రం దూరంగా పోయింది. నా గుండె దడ చాలాసేపు తగ్గలేదు.

తిరిగి వచ్చి చెట్టు కింద సద్ది విప్పాం. పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, నీకు చదువు వచ్చా?" అన్నాడు. జేబులోంచి మడతల కాగితం తీశాడు. వాళ్ల పెంటకు వచ్చిన కాగితం అది. పెంట అంటే చెంచుల చిన్న ఊరు. వేలిముద్ర వేయాలట.

"వేశావా?" అన్నాను.

"ఇంకా లేదు. ఏముందో తెలియందే ఎట్లా వేయను?" అన్నాడు.

నాకు చెమట పట్టింది. మన పాఠం పుస్తకం కాదు కదా అది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాను. అడవి లోపలి నుంచి ఊరు బయటికి పోవడం గురించి. పోయే కుటుంబానికి 15 లక్షల రూపాయలు. డబ్బు వద్దంటే బయట ఇల్లు, భూమి. కింద ఇంకో మాట ఉంది. ఇష్టపడితేనే పోవాలి, గ్రామసభ ఒప్పుకోవాలి అని. అది 2006 నుంచి చట్టంలోనే ఉందని ఇంటికి వచ్చాక తెలుసుకున్నాను.

"కొడుకు పోదామంటాడు. పిల్లలకు బడి ఉంటుంది, ఆస్పత్రి ఉంటుంది అంటాడు. మా ముసలామె రానంటుంది. బయట తేనె ఎక్కడుంది, గడ్డలు ఎక్కడున్నాయి అంటుంది" అన్నాడు.

నేను ఏమీ చెప్పలేదు. ఏం చెప్పను? మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. 'ఇష్టపడితేనే' అన్న మాట ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. పొద్దున దుమ్ములో అడుగును చూసినట్టే, వంగి చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.